ఇరవై ఒకటో రోజు

ఆ ఏడాది ఆగస్టు మొదటి సోమవారం పొద్దున కాలేజీ జీపు మా ఆస్పత్రి ముందు ఆగేసరికి నేను టీకాల డబ్బా తుడుస్తున్నాను. జీపులోంచి ఇద్దరు దిగారు. పెద్దాయన ప్రొఫెసర్ లోకనాథ్ గారు, రాజమండ్రి అవతల ఒక మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ విభాగానికి అధిపతి. రెండో ఆయన అక్కడే ఎం.డి. రెండో ఏడు చదువుతున్న డాక్టర్ యుగంధర్ గారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు గానీ, జీపు తలుపు పట్టుకుని దిగిన తీరు చూస్తే వారం రోజులుగా నిద్ర లేని మనిషని తెలిసిపోతోంది.

నా పేరు తబిత. ఏటిగట్టు మీదున్న ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. అప్పటికి నా సర్వీసు ముప్పై రెండేళ్లు. మా మెడికల్ ఆఫీసరు గారిని వారంలో నాలుగు రోజులు ఇంకో ఊరికి డెప్యుటేషన్ వేశారు. ఆ నాలుగు రోజులూ ఆస్పత్రంటే దాదాపు నేనే. కాళ్లు వాచేవి. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు విప్పితే పట్టీల గుర్తులు పొద్దుటిదాకా పోయేవి కాదు.

ప్రొఫెసరు గారు వరండాలో కూర్చుని నాకు సంగతి చెప్పారు.

“గ్లోబల్ హెల్త్ అని కొత్త పాఠం పెట్టామమ్మా. ఇక నుంచి మా దగ్గర స్పెషలిస్టు చదువు చదివే ప్రతి డాక్టరూ ఆరు వారాలు ఇలాంటి చోట పనిచేయాలి. మందు ఉండి కూడా మనిషికి ఎందుకు చేరడంలేదో తెలుసుకోవాలి. వారానికోసారి వేరే దేశాల్లో ఇదే చదువు చదివే డాక్టర్లతో కంప్యూటర్లో క్లాసు ఉంటుంది. ఇక్కడ ఈయనకి ఫీల్డ్ టీచరు మీరే.”

“నేనా అండి?”

“మీరే. ప్రతి శనివారం ఈ లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి.”

తల ఊపాను. ఎన్నో స్కీములు వచ్చాయి, పోయాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు పుస్తకం. ఇది ఆకుపచ్చది.

యుగంధర్ గారికి మా క్వార్టర్సు పక్క గది ఇచ్చాం. ఆ మధ్యాహ్నం పడుకున్న మనిషి మర్నాడు పదకొండింటికి గానీ లేవలేదు. మా ఆయన బుల్లియ్య రెండుసార్లు తలుపు కొట్టి, మూడోసారి కిటికీలోంచి ఊపిరి చూసి వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాక మా ఇంట్లో వంట ఆయనదే. లేచి వచ్చిన డాక్టరు గారికి ఉప్మా పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

“కాలేజీలో పడుకోనివ్వరాండి?” అని అడిగారు.

“ముప్పై ఆరు గంటల డ్యూటీ అండి. ఒక్కోసారి అది అయ్యాక కూడా ఉండాలి.” ఆయన నావైపు తిరిగి, “నిజం చెప్పమంటారా సిస్టర్? నేను ఉగాండా పోస్టింగుకి అప్లై చేశాను. ఒకటే సీటు. నా బ్యాచ్‌మేటుకి వచ్చింది. నాకు మీ ఊరొచ్చింది. వచ్చే ఏడాది పరీక్ష పెట్టుకుని ఈ ఆరు వారాలు ఏంటో నాకైతే అర్థం కావట్లేదు” అన్నారు.

“నాకూ అర్థం కాలేదండి” అన్నాను.

ఆ మాటతో మా ఇద్దరికీ కాస్త సర్దుకుంది.

గురువారం ఆయన్ని ఏటి మధ్యనున్న లంకకి తీసుకెళ్లాను. కాలేజీ వాళ్లిచ్చిన ప్రశ్నల కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. దీర్ఘరోగాలున్న వాళ్ల ఇళ్లకి వెళ్లి, మందు సరిగా అందుతోందా, అందకపోతే ఎందుకు అందట్లేదు అని అడిగి రాసుకోవాలి. పడవలో పది నిమిషాల దారి. కొత్త వరద నీటికి ఏరు అప్పుడే ఎర్రబారుతోంది.

మేం మొదట వెళ్లింది గంగరాజు ఇంటికి. గంగరాజుది చేపల వేట. వేట లేని రోజుల్లో కడియం నర్సరీలకి వెళ్లి లారీలకి మొక్కలెత్తుతాడు. భార్య లోవమ్మ చేపలమ్ముతుంది. వాళ్లకి ఒక్కతే కూతురు, వీరదుర్గ, పదిహేనేళ్లది. పదకొండో ఏట గొంతునొప్పి వచ్చి, తర్వాత కీళ్లు వాచి జ్వరమొచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో కవాటాన్ని పట్టుకుంది. అలాంటి పిల్లలకి ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి. ఏళ్ల తరబడి పడాలి. తప్పితే జ్వరం తిరగబెడుతుంది, తిరగబెట్టినప్పుడల్లా కవాటం ఇంకాస్త పాడవుతుంది.

యుగంధర్ గారు ఆ పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత లోవమ్మని అడిగారు.

“ఏడాదికి పదిహేడు ఇంజెక్షన్లు పడాలి కదమ్మా. పోయినేడాది ఎన్ని పడ్డాయి?”

“ఐదో ఆరో అండి.”

“మిగతావి ఎందుకు వేయించలేదు?”

లోవమ్మ నావైపు చూసింది. కోపంగా చూడలేదు. చెప్పమంటారా అన్నట్టు చూసింది. నేను ఏటివైపు చూశాను.

“రేవు దాటితే ఈ ఆస్పత్రేనండి. ఇక్కడ వెయ్యరండి. రాజమండ్రి ఎల్లమని సిస్టరుగారు చీటీ రాసిత్తారు. ఎల్తే రోజంతా పోద్దండి. వరదల్లో పులసలు పడేదే ఈ నాలుగు వారాలు. ఈలోపు ఓ రోజు దాటిపోద్ది, రెండ్రోజులు దాటిపోద్ది. ఇంక అలా అయిపోద్దండి.”

ఆయన కాగితం మీద రాసుకున్నారు. నన్నేమీ అడగలేదు. కాగితాలు ఇవ్వడానికి వచ్చిన కాలేజీ జీపు ఆ సాయంత్రం తిరిగి వెళ్తోందని, తల్లీకూతుళ్లని అందులో ఎక్కించి రాజమండ్రి పంపి, ఆ రోజుటి ఇంజెక్షన్ వేయించారు. తిరుగు పడవలో మాత్రం అడిగారు.

“వచ్చే ఇరవై ఎనిమిదిన మళ్లీ వేయాలి సిస్టర్. ఇక్కడెందుకు వేయరు?”

“రూలు లేదండి.”

“ఉందండి. మందు కూడా మీ స్టోర్లో రెండు వయల్సు ఉంది. పొద్దున చూశాను.”

నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను. పడవ నడిపే అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గెడ వేయడంలో పడిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం క్లాసు. ప్రసవాల గదిలో నెట్ బాగా వస్తుందని అక్కడ బల్ల వేసుకుని లాప్‌టాప్ పెట్టుకున్నారు. ఫీల్డ్ టీచరు కూడా కూర్చోవాలని రూలట. వెనక కుర్చీలో కూర్చుని దూది ఉండలు చుట్టుకుంటున్నాను. తెర మీద చిన్న చిన్న గడుల్లో తొమ్మిదిమంది డాక్టర్లు. అందరి మొహాల్లోనూ అదే నిద్రలేమి. ఒక గడిలో ఉగాండా అమ్మాయి, డాక్టర్ నకాటో. పిల్లల వైద్యం చదువుతోందిట.

యుగంధర్ గారి వంతు వచ్చింది. లంకలో చూసిన నాలుగు కేసుల గురించి చెప్పారు. తర్వాత ఒక స్లైడు వేశారు. “ఇంజెక్షన్లు తప్పిపోవడానికి కారణాలు” అని పైన ఉంది. దూరం. కూలి పోవడం. మూడోది, నర్సు నిరాకరణ.

నాకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు గానీ చదవడం వచ్చు. చేతిలో దూది ఉండ అలాగే ఉండిపోయింది. ముప్పై రెండేళ్లు. పురుళ్లు ఎన్ని పోశానో నాకే తెలియదు. కరోనాలో మా ఆయన్ని వదిలేసి మూడు నెలలు ఆస్పత్రిలోనే పడుకున్నాను. వాటన్నిటి తర్వాత ఎక్కడెక్కడి దేశాల వాళ్లో చూస్తుండగా తెర మీద నేను రెండు మాటలుగా మిగిలాను. పైగా ఆ రెండు మాటలూ అబద్ధం కావు.

లేచి బయటికి వచ్చేశాను. తలుపు దగ్గరుండగా నకాటో గొంతు వినపడింది. ఆమె నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి నాకు అర్థమైంది. “నిరాకరణ అని రాసేముందు ఆ నర్సుని అడిగారా, ఏం జరిగిందని?”

ఆయన అడగలేదు. 

సాయంత్రం నేను స్టోరు తాళం వేస్తుంటే వచ్చి నిలబడ్డారు.

“సారీ సిస్టర్. మీరు గదిలో ఉన్నారని కూడా ఆలోచించకుండా వేసేశాను.”

“ఉన్నదే కదండీ వేశారు.”

“ఏం జరిగింది?”

నాలుగేళ్లుగా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఎంక్వైరీలో అడిగినవి వేరు. బ్యాచ్ నంబరెంత, టెస్టు డోసు వేశావా, ఏ టైముకి వేశావు. వరండా మెట్టు మీద కూర్చుని చెప్పాను.

అప్పుడు నేను ఇంకో ఊరి ఆస్పత్రిలో ఉన్నాను. లక్ష్మీదుర్గ అని పంతొమ్మిదేళ్ల పిల్ల, పెళ్లయి ఆరు నెలలు. వీరదుర్గ జబ్బే, అంతకంటే ముదిరింది. మెట్లెక్కితే ఆయాసపడేది. ఆ రోజు షుగర్ పరీక్ష కూడా ఉందని అందరినీ పరగడుపున రమ్మన్నాం. మే నెల. రక్తం ఇచ్చి, ఇంజెక్షన్ లైన్లో నిలబడింది. నేను టెస్టు డోసు వేశాను, చూశాను, ఏమీ లేదు. ఇంజెక్షన్ వేశాను. బల్ల మీద పడుకోబెట్టే చోటు లేక నిలబెట్టే వేశాను. చీర సర్దుకుంటూ “కళ్లు తిరుగుతున్నాయి సిస్టరుగారూ” అంది. అంతే. పట్టుకునేలోపు పడిపోయింది. ఉన్న మందులన్నీ వేశాం. అంబులెన్సు వచ్చేసరికి లేదు.

“ఇంజెక్షన్ వికటించి చచ్చిపోయిందన్నారు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, ఈ చేత్తోనే కదా వేశావు అంది. ఎంక్వైరీలో నా తప్పు లేదని తేల్చి, ఇక్కడికి బదిలీ చేశారు. అప్పటినుంచి ఆ మందు ముట్టుకోలేదండి. ఎవరొచ్చినా రాజమండ్రి అని రాసేస్తాను. పెద్దాస్పత్రిలో అయితే డాక్టర్లుంటారు కదా అని నాకు నేను చెప్పుకుంటాను.”

ఆయన వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నారు.  “పేరు చెప్పకుండా ఇది వాళ్లని అడగొచ్చా?” అన్నారు. మీ ఇష్టం అన్నాను.

తర్వాతి బుధవారం క్లాసుకి వెళ్లకూడదనుకున్నాను గానీ ఆయనే వచ్చి కుర్చీ ముందుకు జరిపారు. లక్ష్మీదుర్గ కథ పేరు లేకుండా చెప్పారు. పరగడుపు, ఎండ, నిలబెట్టి వేయడం, ఏదీ వదల్లేదు.

నకాటో విని, “మా దగ్గర కూడా ఇలాగే ఇద్దరు పోయారు. మా నర్సులు కూడా ఏడాదిపాటు ఆ మందు ముట్టుకోలేదు” అంది. తర్వాత ఆమె చెప్పిందంతా యుగంధర్ గారు ఒక్కో ముక్కా నాకు తెలుగులో చెబుతూ వచ్చారు. పెన్సిలిన్ ఒంటికి సరిపడక చనిపోయేవాళ్లు నిజంగా ఉంటారు, కానీ చాలా తక్కువ. కవాటాలు బాగా పాడైపోయిన వాళ్లు ఇంజెక్షన్ వేసిన క్షణాల్లోనే కుప్పకూలితే, అది చాలాసార్లు మందు వికటించి కాదు. నొప్పికీ, భయానికీ, నీరసానికీ బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మామూలు గుండె తట్టుకుంటుంది, ఆ గుండె తట్టుకోలేదు. అందుకని గుండె బాగా బలహీనమైతే ఇంజెక్షన్ మానేసి మాత్రలివ్వాలి. మిగతావాళ్లకి కడుపునిండా తిండి పెట్టి, నీళ్లు తాగించి, పడుకోబెట్టి వేయాలి. వేశాక లేవనివ్వకూడదు. ఈ జాగ్రత్తలు ఈమధ్యే కాగితం మీదికి వచ్చాయిట. వాళ్ల ఊళ్లో నర్సులకి ఒక రోజు నేర్పించాక మళ్లీ వేయడం మొదలుపెట్టారట.

క్లాసు అయిపోయింది. యుగంధర్ గారు లాప్‌టాప్ మూసి నావైపు తిరిగారు. నా మొహం వెలుగుతుందనుకున్నారేమో.

“అంటే మీ ఇంజెక్షన్ వల్ల కాదు సిస్టర్.”

“నిలబెట్టి వేశానండి” అన్నాను. “తిననివ్వలేదు.”

“అప్పుడు ఎవరికీ తెలియదు కదా.”

“ఇడ్లీ పెట్టుంటే బతికేదేమోనండి.”

 మందు వికటించిందనుకున్నప్పుడు అది దేవుడి పని అని ఒక మూల సర్దుకున్నాను. ఇప్పుడు ఆ మూల కూడా పోయింది. ఆ వారమంతా పని చేస్తూనే ఉన్నాను గానీ, ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే మళ్లీ లేవబుద్ధయ్యేది కాదు. మా ఆయన కంచం మంచం దగ్గరికే తెచ్చి, తినేదాకా పక్కనే కూర్చునేవారు. ఏంటని అడగలేదు. ఎంక్వైరీ రోజుల్లో కూడా అంతే, ప్రతి వాయిదాకీ నాతో వచ్చి బయట చెట్టు కింద నిలబడేవారు.

ఆగస్టు చివరి వారంలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలో జనాన్ని పడవల మీద గట్టుకి తరలించి హైస్కూల్లో పెట్టారు. ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున లోవమ్మ కూతురిని తీసుకుని ఆస్పత్రికి వచ్చింది. పైట తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

“ఇయ్యాల ఇరవై ఒకటో రోజండి. రాజమండ్రి రోడ్డు మీద నీళ్లొచ్చేసాయంట. బస్సుల్లేవు. ఏం చెయ్యమంటారు?”

ఆ అడగడం డాక్టరు గారినే. నావైపు చూడలేదు.

“నేను వేస్తానమ్మా” అన్నారు యుగంధర్ గారు. పిల్లని మళ్లీ పరీక్ష చేశారు. ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి మాట్లాడారు. తర్వాత మా ఆయన చేత స్కూలు దగ్గర వండుతున్న పులిహోర తెప్పించి ఆ పిల్ల చేత తినిపించారు, రెండు గ్లాసుల నీళ్లు తాగించారు. నేను ఎమర్జెన్సీ ట్రే సర్ది పక్కన పెట్టాను. చేతి మీద టెస్టు డోసు ఆయనే వేశారు. వాచీ చూసుకుంటూ అరగంట ఆగాం. ఏమీ రాలేదు.

బోర్లా పడుకోబెట్టాం. ఆయన వయల్లో నీళ్లు కలిపారు. ఆ మందు మామూలు ఇంజెక్షన్ లాంటిది కాదు. కలిపితే చిక్కటి మజ్జిగలా ఉంటుంది. కలిపాక ఆగకూడదు, ఎక్కించేటప్పుడు వేలు వణక్కూడదు. ఆగితే సూదిలో గడ్డకడుతుంది. పెద్ద చదువులు చదివే డాక్టర్లు ఇది రాస్తారే గానీ వేయరు. నాకు తెలుసు. ఆయనకి ఆ నిమిషం వరకూ తెలియదు. సూది దిగింది, మందు కదల్లేదు. ఆయన గట్టిగా నొక్కారు. పిల్ల “అమ్మా” అని బల్ల అంచు పట్టుకుంది. సూది బయటికి తీసి చూస్తే మూసుకుపోయింది. సిరంజిలో మందు కూడా గట్టిపడింది.

మిగిలింది ఒక్క వయల్.

ఆయన సిరంజి ట్రేలో పడేశారు. రెండో వయల్ తీసుకున్నారు గానీ విప్పకుండా పట్టుకుని నిలబడ్డారు. లోవమ్మ గుమ్మం దగ్గర్నుంచి చూస్తోంది. బయట మైకులో ఎవరో పాలు పంచుతున్నారని అరుస్తున్నారు.

“ఇటివ్వండి” అన్నాను.

ఇచ్చారు. వయల్ని రెండు అరచేతుల మధ్య కాసేపు వేడి చేశాను. లావు సూది మార్చాను. నీళ్లు కలిపి, నురగ రాకుండా తిప్పి, లాగాను. “వీరదుర్గా, ఊపిరి మెల్లగా వదులమ్మా. కాలు వదులుగా పెట్టు” అన్నాను. దించాను. ఒకే ఒత్తిడితో, తొందర లేకుండా, మొత్తం ఎక్కించాను. దూది అదిమి పట్టుకుని నాడి చూడ్డం మొదలుపెట్టాను.

“అయిపోయిందాండి?” అంది పిల్ల.

“అయిపోయింది. లేవకు.”

గంటసేపు ఆ మణికట్టు వదల్లేదు. ఆ పిల్ల స్కూల్లో ఎవరో తన గొడుగు పట్టుకుపోయారని, వాళ్ల మేకపిల్ల పడవెక్కనని మొండికేసిందని చెబుతూనే ఉంది. ఏమీ జరగలేదు. గంట తర్వాత లేచి, తల్లితో కలిసి వానలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లాను. మా ఆయన వంకాయ కూర వడ్డిస్తున్నారు.

“ఇవాళ పెన్సిలిన్ వేశాను” అన్నాను.

ఆయన గరిటె ఆగింది. మళ్లీ కదిలింది. రోజూ వేసేదానికంటే ఇంకో గరిటె కూర వేశారు.

“ఆ పిల్లకేనా?”

“ఊఁ.”

“బానే ఉందా?”

“మేకపిల్ల గురించి చెప్పింది.”

ఆయన నవ్వారు. ఎందుకో తెలియదు, నాకు ఏడుపు వచ్చింది. అన్నం తింటూనే ఏడ్చాను.

సెప్టెంబరు రెండో వారంలో యుగంధర్ గారి ఆరు వారాలు అయిపోయాయి. వెళ్లేముందు నా చేత లాగ్‌బుక్కులో చివరి సంతకం పెట్టించుకుని, “స్లైడు మార్చాను, చూడండి” అని లాప్‌టాప్ తిప్పారు. నర్సు నిరాకరణ అన్నచోట “ఒకసారి రోగి చనిపోయాక నర్సుకి ఎవరూ ఏమీ వివరించలేదు, తోడు నిలబడలేదు” అని ఉంది. చదివి, బావుందండి అన్నాను. పెద్ద వాక్యం అయిందని ఆయనే నొచ్చుకున్నారు. ఆయన ఉన్న రోజుల్లో మేమిద్దరం తిరిగి చూస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆ జబ్బున్నవాళ్లు పదకొండుమంది తేలారు. వాళ్లలో ఏడుగురు నా చీటీలు పట్టుకుని తిరిగినవాళ్లే. ఇద్దరికి మాత్రలు రాయించారు, తొమ్మిదిమందికి మూడు వారాలకోసారి గురువారం మా ఆస్పత్రిలోనే నేను ఇంజెక్షన్ వేయడం మొదలుపెట్టాను.

అక్టోబరులో ప్రొఫెసరు గారు కొత్త బ్యాచ్ క్లాసుకి నన్ను కాలేజీకి పిలిపించారు. ఏసీ హాలు. ఇరవైమంది స్పెషలిస్టు చదువుల డాక్టర్లు, గుండెవాళ్లు, పిల్లలవాళ్లు, ఎముకలవాళ్లు. సగంమంది నిద్ర ఆపుకుంటున్నారు. ఆ నిద్ర మీద నాకు కోపం రాలేదు. నిలబడే ఓపిక లేక కూర్చునే చెప్పాను. ఈసారి పేరు దాచలేదు. లక్ష్మీదుర్గ, పంతొమ్మిదేళ్లు, అని మొదలుపెట్టాను. పూర్తయ్యాక ఒకమ్మాయి లేచి, “మేం ఆర్డరు రాసేసి వెళ్లిపోతాం మేడం. వేసేవాళ్లు ఎలా వేస్తారో ఇప్పటిదాకా చూడలేదు” అంది. చూడండమ్మా అన్నాను. 

నవంబరు మొదటి వారంలో యుగంధర్ గారే దగ్గరుండి వీరదుర్గకి గుండె స్కానింగు తీయించారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశారు. గొంతులోనే తెలిసింది. కవాటం మేమనుకున్నదానికంటే ఎక్కువ సన్నబడింది. ఒకటి రెండేళ్లలో ఆపరేషన్ తప్పదు. ప్రభుత్వ పథకంలో చేస్తారు, ప్రాణభయం లేదు. కానీ తప్పదు. గుండె బలం ఇంకా తగ్గలేదు కాబట్టి మాత్రలకి మార్చక్కర్లేదు, అప్పటిదాకా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఆపకూడదు.

రెండ్రోజుల తర్వాత లోవమ్మ వచ్చింది. ఓపీ అయిపోయి నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఖాళీ చేపల తట్ట గుమ్మం బయట పెట్టి, లోపలికొచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒకటి అడుగుతానండి. నిజం చెప్పాలి.”

“అడుగు లోవమ్మా.”

“మీరు ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. మా పిల్లకి జబ్బొచ్చీ నాలుగేళ్లే. అప్పుటినించీ ఈ సూది ఇక్కడే పడుంటే, ఈ ఆపరేషన్ తప్పేదాండి?”

డాక్టర్లు ఇలాంటి ప్రశ్నకి చెప్పే జవాబులు నాకు తెలుసు. చెప్పలేమమ్మా, ఒంటిని బట్టి ఉంటుంది, ఎవరి రాత వాళ్లది. ముప్పై రెండేళ్లలో నేనూ చాలామందికి అవే చెప్పాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

“తప్పేదేమో లోవమ్మా” అన్నాను. “చాలావరకు తప్పేది.”

 తిడుతుందనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను. కొంగుతో మొహం ఒకసారి తుడుచుకుని, బయటికెళ్లి, తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయింది. పడవ అవతలి ఒడ్డుకి చేరేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇక ఈ ఆస్పత్రి గుమ్మం తొక్కదనుకున్నాను. ఆ రాత్రి మా ఆయనతో అదే అంటే, “నిజమే చెప్పావుగా” అన్నారు. 

తర్వాతి ఇంజెక్షన్ నవంబరు ఇరవై, గురువారం. మిగతావాళ్లంతా తొమ్మిదింటికే వచ్చారు. ఒక్కొక్కరికీ టెస్టు వేసి, ఆగి, పడుకోబెట్టి వేసి, లేపేసరికి పన్నెండయింది. వీరదుర్గ వయల్ పక్కన పెట్టాను. ఫార్మసిస్టు స్టోరు మూసేయమంటారా అని రెండుసార్లు అడిగాడు. ఇంకాసేపు ఉండమన్నాను.

పన్నెండున్నరకి లోవమ్మ గుమ్మంలో కనిపించింది. వెనక వీరదుర్గ. లోవమ్మ నాతో మాట్లాడలేదు. కూతురిని బల్ల మీద పడుకోబెట్టి, తను గోడవైపు తిరిగి నిలబడింది. నేను టెస్టు వేసి, అరగంట ఆగి, ఇంజెక్షన్ వేశాను. పిల్ల నాడి పట్టుకుని కూర్చున్నాను. ఈసారి ఆ పిల్ల కూడా ఏమీ మాట్లాడలేదు, కళ్లు మూసుకుంది. రెండు దాటాక, ఇక లేవచ్చమ్మా అన్నాను.

తల్లీకూతుళ్లు మెట్లు దిగారు. సగం దిగాక లోవమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు.

“మళ్లీ ఏ తారీకండీ?”

“డిసెంబరు పదకొండు” అన్నాను. “గురువారం.”

సరేనన్నట్టు తల ఊపి, కూతురి చెయ్యి పట్టుకుని రేవుకేసి నడిచింది.